ఏటి ఒడ్డున ఎగిరే చక్రము

ఏటి ఒడ్డున పెరిగి పెంకు విసరనివారు మన తెలుగుదేశములో అరుదు. పగిలిన కుండపెంకులలో పలుచనిదానిని ఏరి, చూపుడువ్రేలిని దాని అంచుకు చుట్టి, నడుము వంచి, నీటిమట్టమునకు సమానముగా విసరితే అది నాలుగైదు గంతులు వేసి మునిగిపోతుంది. ఎవరి పెంకు ఎక్కువ గంతులు వేసినదో లెక్క పెట్టుకొనుటయే ఆట. ఓడినవాడు మరొక పెంకు వెదకుకొనుటకు పోతాడు. ఈ ఆటను ఎవరు కనిపెట్టినారని అడిగినవారు లేరు. అడిగినా చెప్పగలవారు లేరు. నేడు నేను ముచ్చటింపబోవు ఆట దీనికి దాయాది వరుస. అయితే దీని పుట్టుకకు పేటెంటు పత్రములున్నవి, ఒప్పందములున్నవి, వాణిజ్యనామములున్నవి; అందువలననే దీని చరిత్రలో ఎవరికి దక్కవలసిన పేరు వారికి దక్కినదా అను ప్రశ్న కూడ ఉన్నది.

ఆట పేరు డిస్క్ గోల్ఫ్. చేతికర్రతో బంతిని కొట్టి గుంటలో పడవేయుటకు మారుగా, అరచేతి వెడల్పునకు ఇంచుమించు రెండింతలుండు ప్లాస్టిక్ చక్రమును విసరి, గొలుసులు వ్రేలాడు ఇనుపబుట్టలో పడవేయుట దీని పద్ధతి. విసిరిన చక్రము ఎక్కడ పడినదో అక్కడనుండియే మరల విసరవలెను. తక్కువ విసురులతో పదునెనిమిది బుట్టలను ముగించినవాడు గెలిచినట్లు. పదునెనిమిది అను లెక్క మాత్రము గోల్ఫునుండి అరువు తెచ్చుకొన్నది. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్‌లో 1764లో 22 గుంటల ఆటను 18కి కుదించినారు. దానినే లోకమంతయు అనుసరించినది. మన దేశములో కలకత్తా గోల్ఫ్ క్లబ్బు 1829 నాటికే వెలసినది. కాని గోల్ఫునకు వందలాది ఎకరముల నేల కావలెను, ఆ నేలపై నిత్యము కోసిన పచ్చిక కావలెను, పచ్చికకు నీరు కావలెను, వీటన్నిటికి ధనము కావలెను. చక్రపు ఆటకు ఇవేవియు అక్కరలేదు. చెట్లు ఉన్నచోటనే ఉండవచ్చును. నేల ఎగుడుదిగుడుగా ఉన్నకొలది ఆటకు రుచి ఎక్కువ. పంటకు గాని ఇంటికి గాని పనికిరాని ఏటిగట్టు దీనికి చాలును. అందుచేతనే అమెరికాలో నదుల ప్రక్కను, సరస్సుల ప్రక్కను, బాటసారులు గుడారములు వేసికొను విడిదులలో ఈ ఆటస్థలములు విరివిగా కనబడుచున్నవి. సాయంకాలము పొయ్యి రాజవేయుటకు ముందు పిల్లలును పెద్దలును తలకొక రెండు మూడు చక్రములు పుచ్చుకొని బయలుదేరుతారు. చాలచోట్ల రుసుము కూడ లేదు.

దీని మూలమును వెదకిన మొదట ఒక రొట్టెల కొట్టు తగులుతుంది. విలియం రస్సెల్ ఫ్రిస్బీ అను నతడు 1871లో కనెక్టికట్ రాష్ట్రములోని బ్రిడ్జిపోర్టు పట్టణమునకు వచ్చి, అమెరికనులు ‘పై’ అని పిలుచు తీపిరొట్టెల వ్యాపారము ప్రారంభించినాడు. ఆ రొట్టె రేకుపళ్ళెములో వచ్చేది. సమీపమునగల యేల్ విశ్వవిద్యాలయపు విద్యార్థులు రొట్టె తినివేసి, ఖాళీ పళ్ళెమును ఒకరిమీదికొకరు విసరుకొనేవారనియు, ఎదుటివానిని హెచ్చరించుటకు ‘ఫ్రిస్బీ!’ అని కేక వేసేవారనియు చెప్పుకొనుచున్నారు. నిజమే అయియుండవచ్చును. రేకుపళ్ళెము చేతికి దొరికిన కుఱ్ఱవాడు ఏ దేశములోనైనను దానిని విసరకుండ ఉండడు.

అంతకంటె నా మనస్సునకు హత్తుకొన్న సంగతి కెనడా దేశములో జరిగినది. సస్కాచెవాన్ రాష్ట్రములో బ్లాడ్‌వర్త్ అను చిన్న ఊరు ఉన్నది. 1926లో అక్కడి ప్రాథమిక పాఠశాలలో రోనాల్డ్ గిబ్సన్ అను బాలుడును అతని తోటివారును డబ్బామూతలను విసరి, బడి ఆవరణలోని ఇసుకనేలపై గీసిన నాలుగడుగుల వలయములలో పడవేసే ఆట కల్పించుకొన్నారు. దానికి ‘రేకుమూత గోల్ఫు’ అని పేరు కూడ పెట్టుకొన్నారు. వలయములు వరుసగా గీసియుండుట, విసురులు లెక్కించుట, తక్కువ లెక్క తెచ్చుకొన్నవాడు గెలుచుట—ఆట యావత్తు అక్కడ సిద్ధముగానే ఉన్నది. పిల్లలు పెద్దవారై తలకొక దిక్కునకు పోయినారు. ఆట ఆగిపోయినది. పేటెంటు లేదు, పత్రిక లేదు, చూచి వ్రాసినవాడు లేడు. కొన్ని దశాబ్దముల తరువాత మరొకచోట మరొకరు దీనినే క్రొత్తగా కనిపెట్టవలసి వచ్చినది.

ఇక చక్రము సంగతి. వాల్టర్ ఫ్రెడరిక్ మారిసన్ 1920లో యూటా రాష్ట్రములో జన్మించినాడు. 1937లో ఒక పండుగనాడు, తరువాత తన భార్య అయిన లూసీల్‌తో కలిసి పేలాల డబ్బామూతను విసరుకొనుచు ఆడుకొన్నాడు. మూత త్వరలోనే సొట్టలు పడగా కేకులు కాల్చు పళ్ళెమునకు మారినారు. మరుసటి సంవత్సరము శాంతా మోనికా సముద్రతీరమున వారు ఆడుకొనుచుండగా ఎవరో ఆ పళ్ళెమునకు 25 సెంట్లు ఇస్తానన్నాడు. అంగడిలో దాని వెల 5 సెంట్లు! వ్యాపారమునకు ఇంతకంటె చక్కని పాఠము ఏ కళాశాలలో చెప్పుతారు? ఆ దంపతులు తీరమునందు పళ్ళెములు అమ్మసాగినారు.

అంతలో యుద్ధము వచ్చినది. మారిసన్ యుద్ధవిమాన చోదకుడై ఇటలీలో పోరాడి, శత్రువులకు చిక్కి ఖైదీగా ఉన్నాడు. విమానము నడిపిన అనుభవము అతనికి రెక్క యొక్క మర్మమును నేర్పినది. పళ్ళెమునకును విమానపు రెక్కకును చుట్టరికమున్నదని గ్రహించి, 1946లో ఎగురు చక్రమునకు ఒక నమూనా గీసినాడు. 1948లో వారెన్ ఫ్రాన్షియోని అను భాగస్వామితో కూడి దానిని ప్లాస్టిక్‌తో పోతపోయించినాడు. దానికి పెట్టిన పేరు ‘ఫ్లయింగ్ సాసర్’. ఈ పేరునకు కారణమున్నది. 1947 జూన్ 24న కెన్నెత్ ఆర్నాల్డ్ అను వైమానికుడు రెయినియర్ పర్వతము సమీపమున ఆకాశములో తొమ్మిది వింత వస్తువులను చూచితినని చెప్పినాడు. అవి ఎగిరిన తీరును వర్ణించుచు, నీటిమీద విసరిన సాసరు గంతులు వేసినట్లున్నదన్నాడు. పత్రికలు ఆ వస్తువులనే ‘ఎగిరే పళ్ళెములు’ చేసివేసినవి. అతడు చెప్పినది మన కుండపెంకు నడక మాత్రమే!

మారిసన్, ఫ్రాన్షియోనిలు విడిపోయినారు. 1955లో మారిసన్ మరింత మెరుగైన చక్రమును తయారుచేసి ‘ప్లూటో ప్లాటర్’ అన్నాడు. 1957 జనవరి 23న దాని హక్కులను వామ్-ఓ అను కాలిఫోర్నియా ఆటవస్తువుల సంస్థకు అప్పగించినాడు. ఆ సంస్థ యజమానులలో ఒకరైన రిచర్డ్ నెర్ తూర్పు రాష్ట్రముల కళాశాలలలో విద్యార్థుల ‘ఫ్రిస్బీ’ కేక విని, వర్ణక్రమమును కొంచెము మార్చి, ఆ పేరునే చక్రమునకు పెట్టినాడు. మారిసన్‌కు ఆ పేరు మొదట రుచింపలేదు. మరుసటి సంవత్సరము, అనగా 1958లో, బ్రిడ్జిపోర్టులోని రొట్టెల కార్మాగారము మూతపడినది. రొట్టె పోయినది, పళ్ళెము పేరు నిలిచినది. మారిసన్‌కు జీవితాంతము ప్రతిఫలము ముట్టినది. 2010లో అతడు మరణించినపుడు లోకమంతట పత్రికలు వ్రాసినవి. మొదటి ప్లాస్టిక్ చక్రమునకు చేయి వేసిన ఫ్రాన్షియోని పేరు మాత్రము చక్రముతో ఆడుకొను లక్షలమందిలో ఎందరెరుగుదురు? ధర్మశాస్త్రము దృష్టిలో తప్పేమియు జరుగలేదు కాబోలు. చరిత్ర దృష్టిలో లోటు జరిగినదనియే నా అభిప్రాయము.

చక్రమెందుకు ఎగురునో ఇక్కడ రెండు మాటలు చెప్పక తప్పదు. తిరుగుట లేనిచో అది ఎండుటాకువలె పల్టీలు కొట్టి పడిపోతుంది. బొంగరము తిరుగుచున్నంతసేపు నిలిచినట్లే, చక్రము తన చుట్టు తాను తిరుగుటచేత తన వాలును కాపాడుకొంటుంది. దాని ఉబ్బెత్తు వీపు మీదుగా గాలి వేగముగా సాగి, విమానపు రెక్కకువలె దానిని పైకెత్తుతుంది. అయితే వేగము తగ్గినకొద్దీ చక్రము ఒక ప్రక్కకు ఒరుగుతుంది. కుడిచేతివాటమువాడు ఎడమ భుజమువైపునుండి చేయి చాచి విసరిన చక్రము చివరకు ఎడమవైపునకే మళ్ళుతుంది. ఎదురుగాలిలో అదే చక్రము తొలుత లేచి కుడివైపునకు తిరుగబడుతుంది. వెనుకగాలిలో త్వరగా నేలకు దిగుతుంది. చేయి తిరిగిన ఆటగాడు ముందుగా ఒక గడ్డిపరక త్రుంచి గాలిలో వదలి చూచుకొంటాడు. మన పురాణములలో విష్ణుచక్రము శత్రువును ఖండించి తిరిగి స్వామి చేతికి చేరును. సిక్కు యోధులైన అకాలీలు ఉక్కు చక్రములను తలపాగాలకు తొడిగికొని యుద్ధములో విసరేవారు. అవి మాత్రము తిరిగి వచ్చేవి కావు. ఈ ఆటచక్రమును ఆ కోవలోనిదే. ఎక్కడ పడినదో అక్కడికి మనమే నడచిపోవలెను.

చక్రమును ఒకరికొకరు విసరుకొను ఆటనుండి గురికి విసరు ఆట ఎట్లు పుట్టినది? ఒకచోట అని చెప్పలేము. 1959లో కాలిఫోర్నియాలోని న్యూపోర్టు బీచిలో కెవిన్ డానెల్లీ అను బాలుడు వీథులలో ఇట్టి ఆట ఆడినాడు. 1965లో జార్జి సాపెన్‌ఫీల్డు పిల్లల వినోదశాఖలో పనిచేయుచు, తాను గోల్ఫు ఆడుచున్నపుడు కలిగిన తలపును పిల్లలచేత చక్రములతో ఆడించినాడు. దీపస్తంభములు, చెత్తడబ్బాలు, నీటి కుళాయిలు, చెట్ల మొదళ్ళు—ఏది కనబడితే అది గురి. న్యూయార్కు రాష్ట్రములోని రాచెస్టరులో జిమ్ పాల్మెరి మొదలగువారు 1970నుండి వారమువారము ఆడుచు వచ్చినారు. దేశములో మరెవ్వరును ఇట్టి ఆట ఆడుటలేదని వారు చాలకాలము అనుకొన్నారు. 1974లో వారు పెద్ద పోటీ నొకదానిని ఏర్పాటుచేసి, గెలిచినవానికి సరిక్రొత్త డాట్సన్ కారు బహుమతి అని ప్రకటించినారు. కారు అనగానే దేశము నలుమూలలనుండి ఆటగాండ్రు వచ్చినారు. డాన్ రాడిక్ దానిని గెలుచుకొన్నాడు. ఒకరినొకరు ఎరుగక ఆడుచున్నవారందరు అక్కడ ఒకరి మొగము లొకరు చూచుకొన్నారు.

ఈ సందడిని గమనించినవాడు ఎడ్ హెడ్రిక్. 1924లో జన్మించిన ఈయన 1964లో వామ్-ఓ సంస్థలో చేరి, చక్రపు వీపుమీద సన్నని వలయరేఖలను పోతపోయించి, దాని నడకను స్థిరపరచినాడు. దానికి 1967 డిసెంబరులో పేటెంటు లభించినది. 1975లో లాస్ ఏంజిలిస్ చెంత ఓక్ గ్రోవ్ ఉద్యానములో ఆటస్థలము నెలకొల్పినాడు. లోకములో మొదటి శాశ్వత డిస్క్ గోల్ఫ్ స్థలముగా దానినే పరిగణించుచున్నారు.

ఆ చోటును గూర్చి కొంచెము ఆగి చెప్పవలెను. అది అరోయో సెకో అను ఏటి ఒడ్డు. ఆ స్పానిష్ పేరునకు ‘ఎండిన వాగు’ అని అర్థము. మన రాయలసీమ ఏళ్ళవలె సంవత్సరములో అధికభాగము ఇసుక, కొండలలో వాన కురిసిననాడు ప్రవాహము. వరదను ఆపుటకు 1920లో అక్కడ డెవిల్స్ గేట్ అను ఆనకట్ట కట్టినారు. ఆ ఎండిన ఏటిలోనే, ఆనకట్ట చేరువను, 1936 అక్టోబరు 31న ఫ్రాంక్ మలీనా, జాక్ పార్సన్స్ మొదలగు యువకులు కొందరు చిన్న రాకెట్టు ఇంజనును పరీక్షించినారు. నాలుగవ ప్రయత్నములో ఆక్సిజను గొట్టము అంటుకొని పామువలె కొట్టుకొనగా వారు పరుగులు తీసినారు. ఆ పరీక్షనుండి పెరిగినదే నేడు గ్రహములకు నౌకలను పంపుచున్న జెట్ ప్రొపల్షన్ లేబరేటరీ. అది ఇప్పటికి ఆ ఆటస్థలము ప్రక్కనే ఉన్నది. ఊరివారు పనికిరాదని వదలివేసిన ఒక్క ఏటిగట్టుమీద నలుబదియేండ్ల తేడాలో రెండు ఎగురు వస్తువుల చరిత్రలు మొదలైనవి! ఆ ఉద్యానమునకు నేడు ‘హహమోంగ్నా’ అను పేరు తిరిగి వచ్చినది. అది అక్కడి ఆదివాసులైన టోంగ్వా జాతివారి మాట. పారు నీరు, పండు లోయ అని దాని భావము చెప్పుతారు.

ఓక్ గ్రోవ్‌లో మొదట పాతినవి వట్టి స్తంభములు. చక్రము స్తంభమునకు తగిలినదని ఒకడు, రాసుకొని పోయినదేగాని తగులలేదని మరొకడు—ప్రతి మలుపులో తగవే. మన గోలీల ఆటలో ఉన్న తగవే ఇది. ఈ గొడవ తీర్చుటకు హెడ్రిక్ స్తంభము తలనుండి గొలుసులు వ్రేలాడదీసి, క్రింద బుట్ట అమర్చినాడు. చక్రము గొలుసులకు తగిలి, వేగము కోల్పోయి, బుట్టలో పడుతుంది. తగిలినపుడు గలగలమని మ్రోగుతుంది. చూడనక్కరలేదు, దూరమునుండి వింటే చాలును. 1977లో దీనికి పేటెంటు లభించినది. అప్పటికే ఆయన వామ్-ఓను విడిచిపెట్టి, 1976లో ఆటగాండ్ర సంఘమును స్థాపించియున్నాడు. ‘ఫ్రిస్బీ’ అను మాట ఆ సంస్థ సొత్తు గనుక క్రొత్త ఆటకు ‘డిస్క్ గోల్ఫ్’ అను పేరే గతి అయినది. ఒక రొట్టెలవాని ఇంటిపేరును మరొకరు వాడుకొనరాదను నిబంధన ఇట్లు ఒక ఆటకు నామకరణము చేసినది. ఆ పిమ్మట ఆయన సంఘమును ఆటగాండ్ర చేతికే అప్పగించినాడు. ఈ పని ఆయన పేటెంటులన్నిటికంటె పెద్దదని నేనంటాను.

1983లో డేవ్ డునిపేస్ చక్రపు అంచును వాడిగా ఏటవాలుగా చేయగా, అది గాలిని కోసికొనిపోవుట ఎక్కువైనది. వ్యాసము 21 సెంటీమీటర్లు, బరువు 175 గ్రాములు మించని ఇట్టి చక్రమును 2016లో నెవాడా ఎడారిలో ఒక యువకుడు 338 మీటర్లు విసరినాడు. నేడు ఈ ఆటస్థలములు ప్రపంచములో పదిహేనువేలకు పైబడినవి. ఫిన్లాండు, ఎస్టోనియా వంటి చలిదేశములలో మంచుమీద కూడ ఆడుతారు.

ఏటి ప్రక్కను ఆడువారికి ఒక కష్టమున్నది. ఈ చక్రములలో చాలభాగము నీటిలో తేలవు. గాలి మోసము చేసి చక్రము నీటిపాలైనచో ఒక విసురు దండుగ అదనముగా లెక్కలో చేరుతుంది. చక్రము పోవుట వేరే నష్టము. ఇది నవ్వులాటగా చెప్పుకొనదగినదే గాని ఒక్కొక్కప్పుడు నవ్వులాట కాదు. ఫ్లారిడా రాష్ట్రములోని లార్గో పట్టణములో ఒక ఉద్యానము. అందులో చెరువు ప్రక్కనే ఆటస్థలము. చెరువులో మొసళ్ళున్నవి, ఈదరాదని పలకలున్నవి. మునిగిన చక్రములను వెదకి తీసి, కొద్ది డబ్బునకు అమ్ముకొను ఒక బీదవాడు 2022 మే నెలాఖరున ఆ చెరువులో మొసలి వాతబడి మరణించినాడు. ఇరువది డాలర్లకు దొరకు చక్రమును పోగొట్టుకొన్నవాడు మరొకటి కొనుక్కొంటాడు. దానికోసము రాత్రివేళ నీటిలో దిగువాడు వేరొకడు. రుసుము లేని ఆట అని మనము సంతోషించునపుడు ఈ రెండవవానిని కూడ తలచుకొనవలెను.

జార్జియా రాష్ట్రములో సవానా నదిమీద 1946–54 మధ్య క్లార్క్స్ హిల్ ఆనకట్ట కట్టగా ఏర్పడిన పెద్ద సరస్సు ఒకటి ఉన్నది. దాని ఒడ్డున ఆప్లింగ్ గ్రామ సమీపమున వైల్డ్‌వుడ్ ఉద్యానము. చెట్లనీడన గుడారములకు, బండి ఇండ్లకు విడిది. పడవలు నీటిలోనికి దింపువారు ఒక ప్రక్క, చేపలు పట్టువారు ఒక ప్రక్క. 2007లో ఆటగాండ్ర సంఘము తన ప్రధాన కార్యాలయమును అక్కడ తెరచినది. అక్కడ మూడు ఆటస్థలములున్నవి. ఒకదానికి హెడ్రిక్ పేరు పెట్టినారు.

హెడ్రిక్ 2002 ఆగస్టులో మరణించినాడు. మన దేశములోనైతే అస్థికలను గోదావరిలోనో కృష్ణలోనో కలుపుతాము. ఆయన కోరిక వేరు. తన చితాభస్మమును కరగిన ప్లాస్టిక్‌లో కలిపి చక్రములుగా పోయవలెనన్నాడు. కుటుంబమువారు అట్లే చేసినారు. కొన్ని బంధుమిత్రులకు పంచిపెట్టినారు. కొన్నిటిని ఆయన స్మారకనిధి కొరకు అమ్మినారు. వాటిని పుచ్చుకొన్నవారిలో కొందరు అద్దాల బీరువాలో భద్రపరచినారు. కొందరు మైదానమునకు తీసికొనిపోయి విసరినారు.